ఆగి ఉన్న గడియారానికి టైమవుట్

టొలీడో, ఒహాయో
ఆగస్టు 21, 1988

వెరోనికా అక్కా,

నువ్వు పంపిన గసగసాల రొట్టె అందింది. అందిందని రాయగలను గానీ తిన్నానని రాయలేను. పెట్టె నా బల్ల మీద పెట్టి మీటింగుకి వెళ్లి వచ్చేసరికి నీ సుపుత్రుడు సిరిల్, వాడికి అటూ ఇటూ నిలబడి ఆడే ఇద్దరు దున్నపోతులూ కలిసి నాకు నీ చేతిరాత ఉన్న అట్ట మాత్రం మిగిల్చారు. ఇదేం పనిరా అంటే, "కోచ్, ఇది మా అమ్మ చేసిన రొట్టె. మీ అక్క చేసింది వేరే పార్సిల్లో వస్తుందిలెండి" అన్నాడు. నీకు తెలుసుగా, ఏటా ఫుట్‌బాల్ శిబిరం మొదలైన రోజునుంచి ఆఖరి ఆట దాకా వాడికి నేను కోచ్‌నే. మామయ్యా అనే పిలుపు సెలవుల్లోనే. మేనల్లుడు కాబట్టి జట్టులో ఉన్నాడని ఎవడూ అనకూడదని వాడే పెట్టుకున్న నియమం.

నిన్నటితో శిబిరం అయిపోయింది. వచ్చినవాళ్లలో దాదాపు సగం మందిని ఇంటికి పంపాలి. ఆ కబురు మోసే పని ఈ ఏడు ఒక కొత్త అసిస్టెంటుకి అప్పగించాను. పొద్దున్నే తలుపు కొట్టి, "కోచ్ రమ్మంటున్నారు, నీ ఆటల పుస్తకం పట్టుకురా" అనాలి. అంతే. జట్టు ఎత్తుగడలన్నీ ఉండే ఆ పుస్తకం తిరిగి తెమ్మన్నారంటే ఇక దాంతో నీకు పనిలేదని ఆటగాడికి తెలిసిపోతుంది. పాపం ఆ అసిస్టెంటు మొహం చూస్తే నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. నన్ను అందరూ "చావుకబురు" అనేవాళ్లు. భోజనాల దగ్గర నేను కూర్చుంటే ఆ బల్ల ఖాళీ అయిపోయేది.

ముప్పై నాలుగేళ్లు అయింది అక్కా. ఏడు ఊళ్లు తిరిగాను. కోచ్‌నయ్యాక నా తలుపూ నాలుగుసార్లు కొట్టారు. ఇన్నేళ్లలో ఏ జట్టునీ ఫైనల్ దాకా తీసుకెళ్లలేకపోయాను. నిన్న మా ఓనరు ఆల్డ్రిచ్ భోజనానికి పిలిచి, మాంసం ముక్క కోసుకుంటూ, "ఈ ఏడైనా ఫైనల్ చూపించు మైలో. లేదంటే కొత్త మొహాన్ని వెతుక్కుంటాను" అన్నాడు. అప్పు తీర్చమన్నంత మామూలుగా అన్నాడు. నాకు అరవై దాటాయి. ఇంకెవడూ పిలిచి ఉద్యోగం ఇవ్వడు. ఇదే ఆఖరి పందెం.

జట్టు బాగుంది. సిరిల్ కూడా బాగున్నాడు.

మైలో

*

కోల్‌ఫోర్డ్, పెన్సిల్వేనియా
సెప్టెంబరు 26

ఒరే మైలో,

గెలిచారు, సంతోషం. టీవీలో నువ్వు టోపీ నేలకేసి కొట్టడం ఊరంతా చూసింది. చర్చి దగ్గర ఫాదర్ నన్నాపి, "మీ తమ్ముడి నోట్లోంచి వచ్చిన మాటలు పెదాలు చూస్తేనే తెలిసిపోయాయి" అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అసలు సంగతికి వస్తాను. నిన్న ఆట చూడ్డానికి పక్కింటి మిల్డ్రెడ్ వచ్చింది. "మీవాడు ఏం చేస్తాడు, బంతి పట్టుకుని పరిగెత్తగా ఎప్పుడూ చూడలేదే" అంది. సెంటర్ అంటే ఏమిటో ఆవిడకి చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యలో వంగుని నేలమీది బంతిని కాళ్ల సందుగా వెనక నిలబడి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ చేతుల్లో పెడతాడమ్మా, ప్రతి ఆటా అక్కణ్ణించే మొదలవుతుంది, బంతి ఇచ్చిన మరుక్షణం ఎదుటివాడు మూడొందల పౌన్ల మనిషి వచ్చి మావాడి నెత్తిన పడతాడు, వాణ్ణి మావాడు ఆపాలి అన్నాను. అలా చెబుతూ సరిగ్గా వాడి చెయ్యి వంక చూశాను. రెండో సగమంతా ఎడమ చేత్తో ఇచ్చాడు.

సిరిల్ జన్మలో ఎడమ చేత్తో బంతి ఇవ్వలేదు. వాడికి ముప్పై ఒకటి. ఈ వయసులో అన్నం తినే చెయ్యి ఎవడైనా మార్చుకుంటాడా? ఏం జరిగింది? వాడికి ఫోన్ చేస్తే "పనిలో ఉన్నానమ్మా" అని పెట్టేస్తున్నాడు. నువ్వు రాయి.

వెరోనికా

*

టొలీడో
అక్టోబరు 2

అక్కా,

నీ కళ్లకి దణ్ణం. మా దగ్గర జీతం తీసుకుని వారమంతా ఆటల ఫిల్ములు చూసేవాళ్లు ఆరుగురున్నారు. వాళ్లలో సగం మందికి ఆ సంగతి తట్టలేదు.

కంగారు పడకు. వాడి కుడిచేతి చూపుడువేలు బెణికింది. కట్టు కట్టారు. కట్టుతో బంతి జారుతుందని కొన్నాళ్లు ఎడమ చెయ్యి వాడుతున్నాడు. ఈ ఆటలో వేలు బెణకని వాడికి ఉద్యోగమే లేదు. నా వేళ్లు చూడు, పదింటిలో ఒకటీ తిన్నగా లేదు.

ఈ వారం మళ్లీ గెలిచాం. ఆల్డ్రిచ్ నాకు చుట్టల పెట్టె పంపాడు. నేను చుట్ట మానేసి పదేళ్లయిందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

రొట్టె పంపితే ఈసారి నా ఇంటి చిరునామాకి పంపు.

మైలో

*

కోల్‌ఫోర్డ్
అక్టోబరు 25

మైలో,

ఆదివారం నేను టొలీడో వచ్చి, ఆట చూసి, మీ ఇద్దరితో కూర్చుని భోంచేసి, ముందనుకున్నట్టే బస్సెక్కి వచ్చేశాను. అక్కడ నోరెత్తలేదు. ఎత్తితే అరిచేదాన్ని, హోటలంతా వినేది. అందుకే రాస్తున్నాను.

నువ్వు చూపుడువేలన్నావు. వాడు బొటనవేలన్నాడు. అబద్ధం చెప్పేముందు ఇద్దరూ ఒక్కసారి మాట్లాడుకోవలసింది.

వాడు నన్ను ఒంటిచేత్తో కౌగిలించుకున్నాడు. సూపు ఎడమచేత్తో తాగాడు. నేను నా కోటు అందించమంటే కుడిచేత్తో తీశాడు, అది వాడి చేతిలోంచి జారి కిందపడింది. మైలో, వాడు జారవిడిచానని గమనించలేదు. చెయ్యి ఖాళీగా చాచి నాకు ఇస్తున్నాడు. నువ్వు వంగి కోటు తీసి వాడి చేతిలో పెట్టావు. నా వంక చూడలేదు. అప్పుడే అర్థమైంది, నీకు అంతా తెలుసని.

నేను ఎవరి భార్యనో నీకు గుర్తుందా? ఆంటన్ ఈ ఊరి హైస్కూలు జట్టుకి ఇరవై ఏళ్లు కోచ్. సిరిల్‌కి ఆరేళ్లప్పుడు పెరట్లో వంగోబెట్టి బంతి ఇవ్వడం నేర్పాడు. క్వార్టర్‌బ్యాక్ ఎవరనుకున్నావు? నేనే. చేతులకి పిండి అంటుకుని ఉండగా వంటింట్లోంచి పిలిచేవాడు. బంతి వాడికంటే పెద్దది. రెండు చేతులతో పట్టుకుని ఇచ్చేవాడు. "రెండు చేతులు పసిపిల్లలకిరా, ఒంటిచేత్తో ఇచ్చిన రోజున నువ్వు సెంటర్‌వి" అనేవాడు ఆంటన్. ఏడో ఏట కుడిచేత్తో మొదటి బంతి నా చేతుల్లో పెట్టాడు. ఆ రోజు వాడి మొహం నాకింకా కళ్లముందుంది. ఆ చెయ్యి ఏమైందో నాకు చెప్పకుండా దాచే హక్కు నీకెవరిచ్చారు?

నిజం రాయి. వేళ్ల కథలు వద్దు.

వెరోనికా

*

టొలీడో
అక్టోబరు 30

అక్కా,

నిజమే రాస్తున్నాను.

వేలు కాదు, మెడ. శిబిరంలోనే మొదలైంది. తల తగిలించి ఎదుటివాణ్ణి ఆపినప్పుడు మెడలోంచి కుడిచేతి కొసదాకా నిప్పు పాకినట్టుంటుందట. కాసేపటికి తగ్గేది. సెప్టెంబరు నుంచి ఆ చేతికి పట్టు తగ్గింది. నేను ఆగస్టులో "బాగున్నాడు" అని రాసిన రోజున నాకు తెలుసు. అమ్మకి చెప్పనని వాడు నాచేత ఒట్టు వేయించుకున్నాడు.

డాక్టరుకి చూపించాను. ఆయన మాట యథాతథంగా రాస్తున్నాను: "ఒక చెయ్యి మొద్దుబారితే నరం నలిగినట్టు. నొప్పే తప్ప ప్రమాదం తక్కువ. రెండు చేతులూ మొద్దుబారాయంటే మాత్రం వెన్నుపాము నలుగుతున్నట్టు. ఆ తరవాత ఒక్క దెబ్బ కూడా తగలకూడదు." సిరిల్ ఎదురుగానే చెప్పాడు. ఆడటం మానెయ్యడమే మంచిదని కూడా అన్నాడు. వాడు, "మంచిదా, తప్పనిసరా?" అని అడిగాడు. మంచిదన్నాడు డాక్టరు. "అయితే జనవరిలో ఆటలన్నీ అయ్యాక మానేస్తాను" అని లేచి చొక్కా తొడుక్కున్నాడు. ఎడమచేత్తోనే బొత్తాలు పెట్టుకున్నాడు. నేను చూస్తూ కూర్చున్నాను.

నేనెందుకు కూర్చోబెట్టలేదని అడుగుతావు. వాడు పెద్దవాడు, వాడి ఒళ్లు, వాడిష్టం. ఇది నేను అందరికీ చెప్పే జవాబు. నీకు ఇంకోటి కూడా చెప్పాలి. వాడు లేకపోతే ఉన్నవాడు విట్‌లాక్ ఒక్కడే. కాలేజీ నుంచి నేరుగా వచ్చాడు. సాధన చేసేటప్పుడే పది బంతుల్లో రెండు నేల మీద దొర్లిస్తాడు. వాడితో నేను ఫైనల్‌కి వెళ్లలేను. నాకు ఫైనల్ కావాలి అక్కా. ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా అదే నిజం.

ఒక్క మాట ఇస్తున్నాను. రెండో చేతికి ఏ కాస్త తేడా వచ్చినా, అది ఏ ఆటైనా, ఏ నిమిషమైనా, ఆపేస్తాను. వాడు కాళ్లు పట్టుకున్నా సరే.

మైలో

*

కోల్‌ఫోర్డ్
నవంబరు 3

కోచ్ కోవాలిక్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీ నిజాయితీకి ధన్యవాదాలు.

మా అబ్బాయికి ఫోన్ చేశాను. ఏడ్చాను. తిట్టాను. "అమ్మా, తొమ్మిదేళ్లుగా ఆడుతున్నాను, ఫైనల్ అనే మాట ఇంత దగ్గర్లో ఎప్పుడూ వినపడలేదు. నన్ను ఆపకు" అన్నాడు. అచ్చం మీ గొంతే. వాణ్ణి నేను ఆపలేను. మీరు ఆపగలరు. ఒక్క కాగితం మీద సంతకం పెడితే వాడు గాయపడినవాళ్ల జాబితాలో చేరి ఇంటికొస్తాడు.

మీకో ప్రశ్న. మీకు కావలసింది మేనల్లుడా, సెంటరా? రెండూ ఒకరే అని తప్పించుకోకండి. ఏదో ఒకటే రాయండి.

అది రాసేదాకా నాకు ఉత్తరాలు వద్దు. రొట్టెలు కూడా ఉండవు.

శ్రీమతి వెరోనికా డ్యూరిక్

*

టొలీడో
డిసెంబరు 31

అక్కా,

వద్దన్నా రాస్తున్నాను. థాంక్స్‌గివింగ్‌కి రాసినదానికీ, క్రిస్మస్‌కి రాసినదానికీ జవాబు లేదు. తెరిచావో లేదో కూడా తెలియదు.

ఈరోజు మళ్లీ గెలిచాం. ఇంకొక్క ఆట. వచ్చే ఆదివారం, మా మైదానంలోనే. అది గెలిస్తే ఫైనల్. ఊళ్లో మంగలి నా దగ్గర డబ్బు తీసుకోవడం లేదు. చర్చిలో నా పేరు మీద కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. ఆల్డ్రిచ్ నా భుజం మీద చెయ్యేసి ఫొటో దిగాడు. ముప్పై నాలుగేళ్లు ఎదురుచూసిన వారం ఇది, నాకు ముద్ద దిగడం లేదు.

నువ్వడిగిన ప్రశ్న పట్టుకుని ఆటయ్యాక సిరిల్‌ని నా గదికి పిలిచాను. తలుపేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

"వచ్చే ఆటకి విట్‌లాక్‌ని దింపుదామనుకుంటున్నా," అన్నాను.

"ఎందుకు కోచ్?"

"ఎందుకో నీకు తెలుసు."

"ఎడమ చేత్తో పదమూడు వారాలు ఇచ్చాను. ఒక్క బంతి జారిందా చెప్పండి."

"జారలేదు."

"మరి? అమ్మ రాసిందా?"

"మీ అమ్మ నాకు రాయడం మానేసింది."

కుర్చీ నా బల్ల దగ్గరికి జరుపుకున్నాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు. "కోచ్, నన్ను మీరు కూర్చోబెడితే ఆ రోజునుంచి మిమ్మల్ని ఏ పేరుతోనూ పిలవను. సెలవుల్లో కూడా."

"ఎడమచెయ్యి చూపించు," అన్నాను. బల్ల మీదున్న నా కాఫీ కప్పు ఎడమచేత్తో ఎత్తి, ఒక చుక్క ఒలక్కుండా తాగేసి, బోర్లించి వెళ్లిపోయాడు.

నేను వాణ్ణే ఆడిస్తున్నాను. నా మాట మీద ఉన్నాను. నీ ప్రశ్నకి జవాబు మాత్రం ఇప్పటికీ నా దగ్గర లేదు. టికెట్టు జతచేస్తున్నాను. రా.

మైలో

*

కోల్‌ఫోర్డ్
జనవరి 4, 1989

మైలో,

టికెట్టు తిప్పి పంపుతున్నాను. మైదానంలో అంత దూరంనుంచి నాకు వాడి చేతులు కనపడవు. టీవీలో కనపడతాయి.

బంతినీ, స్కోరునూ చూసేవాళ్లు దేశమంతా ఉన్నారు. నేను వాడి చేతులు చూస్తుంటాను. నువ్వూ అవే చూడు.

వెరోనికా

*

కోల్‌ఫోర్డ్
జనవరి 8, ఆదివారం సాయంత్రం

మైలో,

ఇప్పుడే అయింది. మిల్డ్రెడ్‌ని ఇంటికి పంపేశాను. తొందరగా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో.

టీవీలో ఇంకా నిన్నే తిడుతున్నారు. ఆ చివరి నిమిషం పదేపదే చూపిస్తున్నారు. నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నారు. దాటితే ఆరు పాయింట్లొచ్చే గీతకి రెండు గజాల దూరంలో బంతి. పన్నెండు సెకన్లు. అంతకుముందు విసిరిన బంతి నేలపాలైంది కాబట్టి గడియారం ఆగే ఉంది. గడియారాన్ని ఆపే టైమవుట్ నీ దగ్గర ఒక్కటే మిగిలింది. అది దాచుకుంటే రెండు ప్రయత్నాలు చేసుకోవచ్చని చిన్నపిల్లాడైనా చెబుతాడు. జట్టంతా వరసగా వంగింది. సిరిల్ బంతి మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు నువ్వు చేతులూపుకుంటూ మైదానంలోకి పరిగెత్తావు. టోపీ పడిపోయింది. టైమవుట్ అడిగావు. సిరిల్‌ని బయటికి లాగి ఆ కుర్ర విట్‌లాక్‌ని పంపావు. విట్‌లాక్ ఇచ్చిన బంతి క్వార్టర్‌బ్యాక్ మోకాళ్ల దగ్గరికి పోయింది. అతను తడుముకుని పట్టుకుని, విసిరే వ్యవధి లేక ముందుకు దూకాడు. అర గజం తక్కువలో పడ్డాడు. వాళ్లంతా అతని మీద పడి లేవలేదు. గడియారాన్ని ఆపడానికి టైమవుట్ లేదు. అయిపోయింది.

"ఆగి ఉన్న గడియారానికి టైమవుట్ తీసుకున్న మొదటి కోచ్" అని నవ్వాడొకడు. "వయసు మీద పడింది, ఇంటికెళ్లి మనవల్ని ఆడించుకోవాలి" అన్నాడు ఇంకొకడు. నీకు పెళ్లే కాలేదని వాడికి తెలియదు.

విలేకరులు అడిగితే, "అది నా నిర్ణయం. ఇంకేం చెప్పను" అన్నావు. ఎందుకు చెప్పలేదురా?

నేను చూశాను. బంతి మీద వాడు రెండు చేతులూ పెట్టాడు. ఆరేళ్లప్పటిలా. పిండి చేతులతో నేను వెనక నిలబడ్డప్పటిలా. మిల్డ్రెడ్ కుర్చీ చెయ్యి పట్టుకుని నేను "మైలో!" అని అరిచాను. అరుపు పూర్తయ్యేలోపు నువ్వు పరిగెడుతూ కనిపించావు.

వాడెక్కడున్నాడు? వెంటనే ఫోన్ చెయ్యి. ఈ ఉత్తరం ఎలాగూ పోస్టు చేస్తాను, ఫోన్లో ఇవన్నీ చెప్పలేను.

అక్క

*

టొలీడో
జనవరి 17

అక్కా,

ఆస్పత్రి నుంచి నువ్వు వాడితో కలిసి వెళ్లిపోయాక ఇల్లు సర్దుకుంటున్నాను. అక్కడి వరండాలో మనిద్దరం మాట్లాడుకున్నది తక్కువ. అప్పుడు నోట రానివి ఇప్పుడు రాస్తాను.

ఆ రోజు నేను ఆటని చూడలేదు. నువ్వు చెప్పినట్టే మధ్యాహ్నమంతా వాడి చేతులు చూశాను. మూడో భాగంలో వాడు లేస్తూ ఎడమచెయ్యి ఒక్కసారి విదిలించాడు. చలికేమో అనుకున్నాను. అనుకోవాలనిపించింది కాబట్టి అనుకున్నాను. ఆఖర్న వాడు వంగి, ఎడమచెయ్యి బంతి మీద పెట్టి, ఆ చెయ్యి మూసుకోకపోతే కుడిచెయ్యి కూడా తెచ్చి పెట్టాడు. అది చూశాక నాకు ఫైనల్ గుర్తు లేదు, గడియారం గుర్తు లేదు. నీకిచ్చిన మాట కూడా గుర్తు రాలేదు, నిజం చెప్పాలంటే. వాడి మీద ఆ మూడొందల పౌన్ల మనిషి పడబోతున్నాడన్నదొక్కటే. కాళ్లు వాటంతటవే పరిగెత్తాయి. నీ ప్రశ్నకి జవాబు అదేననుకో. నవంబరులో అడిగితే జనవరిలో ఇచ్చాను.

లోపలికెళ్లాక వాడు నా చొక్కా పట్టుకుని గోడకి నొక్కాడు. పట్టుకోవాలని చూశాడు అనాలి. వేళ్లు బిగియలేదు. "నేను బాగానే ఉన్నాను! ఒంటిచేత్తోనే పట్టుకున్నాను! నువ్వు భయపడి చచ్చావు, నీ భయానికి నా తొమ్మిదేళ్లు తగలేశావు!" అన్నాడు. కోచ్ అనలేదు, మామయ్యా అనలేదు. మర్నాడు స్కానింగులో మెడ ఎముక వెన్నుపాముని నొక్కుతోందని తేలాక కూడా, "డాక్టర్లు అలాగే అంటారు" అని గోడవైపు తిరిగాడు.

విలేకరులకి ఎందుకు చెప్పలేదన్నావు. చెబితే రేపటినుంచి ఈ ఊళ్లో ప్రతివాడూ సిరిల్ మెడ వల్ల ఓడామంటాడు. వాడు కాఫీ తాగడానికెళ్లినా వింటాడు. నా బుర్ర చెడి ఓడామని అననీ. నాకిప్పుడు పోయేదేముంది?

పోవలసింది పోయింది కూడా. సోమవారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. తీస్తే ఆ కొత్త అసిస్టెంటు, ఆగస్టులో నేను చావుకబురు మోయించినవాడే. బూట్ల వంక చూస్తూ నిలబడ్డాడు. "కోచ్, ఆల్డ్రిచ్ గారు రమ్మంటున్నారు," అన్నాడు. ఆగాడు. నేనే అందించాను, "పుస్తకం పట్టుకురావాలా?" అని. వాడు ఏడ్చాడు అక్కా. నేను వీపు తట్టి, వాణ్ణి లోపల కూర్చోబెట్టి, గుడ్లు వేయించి పెట్టాను. నాకు అలా ఎవరూ పెట్టలేదు.

అక్కడ వాడికి ఆపరేషన్ అయ్యాక, ఎలా ఉందో రాయి. నా పేరెత్తకు. వాడికి ఒళ్లు మండుతుంది.

మైలో

*

కోల్‌ఫోర్డ్
మార్చి 13

మైలో తమ్ముడూ,

ఆపరేషన్ బాగా అయిందని ఫోన్లో చెప్పాను. మిగతాది రాయలేదు, రాయడానికి మంచిమాట ఒక్కటీ లేక.

రెండు నెలలు నా ఇంట్లో ఎలుగుబంటిని పెట్టుకున్నట్టుంది. మెడకి పట్టీ వేసుకుని కిటికీ దగ్గర కూర్చునేవాడు. నీ ఊసెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. "నీ తమ్ముడు" అనేవాడు, మా ఇద్దరికీ ఏమీ కాని ఎవడో పరాయివాడన్నట్టు. ఒకరోజు ఉండబట్టలేక, "ఒరే, నువ్వు రెండు చేతులూ పెట్టావురా, నేను చూశాను" అన్నాను. "నువ్వు కూడా ఆయన పక్షమే. నా చేతులు ఎక్కడున్నాయో నాకు తెలియదా?" అని సూపు గిన్నె తోసేశాడు.

నాకు కోపం రాలేదు. భయమేసింది. వాడు నిజంగానే నమ్ముతున్నాడు. కోటు జారితే తెలియని చెయ్యి కదా.

మొన్న మిల్డ్రెడ్ కొడుకు ఆ ఆట రికార్డు చేసి పెట్టుకున్న క్యాసెట్ తెచ్చిచ్చాడు. సిరిల్ భోజనం చేస్తుండగా ఏమీ చెప్పకుండా వేశాను. ఆఖరి నిమిషం వచ్చింది. వాడు చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వాళ్లు వంగారు. నేను ఆపే మీట నొక్కాను.

తెరమీద వాడి రెండు చేతులూ బంతి మీదున్నాయి.

"వెనక్కి తిప్పు," అన్నాడు. తిప్పాను. మళ్లీ చూశాడు. మళ్లీ తిప్పమన్నాడు. నాలుగోసారికి చెంచా కింద పెట్టి, తన చేతులు ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. "నాకు తెలియదమ్మా. ఒట్టు. నాకు ఒక చెయ్యే అనిపించింది," అన్నాడు. తరవాత క్యాసెట్‌ని ముందుకి పోనిమ్మన్నాడు. నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చావు. టోపీ పడిపోయింది. బట్టతల, పొట్ట, ఊగిపోతున్న చేతులు. అరవై ఏళ్ల మనిషివి, అలా పరిగెత్తగా నిన్ను చిన్నప్పుడు కుక్క తరిమినప్పుడే చూశాను.

సిరిల్ ఏడవడం వాళ్ల నాన్న పోయినప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడు చూశాను. కాసేపటికి మొహం తుడుచుకుని అడిగాడు. "మామయ్య ఇంకా టొలీడోలోనే ఉన్నాడా?"

మామయ్య అన్నాడు, మైలో. నేను విన్నాను.

డాక్టరు కారు ఇంకో నెల నడపొద్దన్నాడు. శనివారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నాడు. రొట్టె వాడి చేతికే ఇచ్చి పంపుతున్నాను, దార్లో తినకూడదని ఒట్టు వేయించుకున్నాను గానీ నమ్మకం లేదు. సంచి కుడిచేత్తో పట్టుకుని వంటింట్లో అటూ ఇటూ నాలుగు అడుగులు వేసి నాకు చూపించాడు.

ఆదివారం పొద్దున్నే నీ తలుపు చప్పుడవుతుంది. ఉలిక్కిపడకు. వెళ్లి తియ్యి. పుస్తకం అక్కర్లేదు.

అక్క